ఇరవై ఒక్క రోజులకొక సూది

మా అమ్మాయి నాలుగో తరగతి నోటుపుస్తకం ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. జూన్ నెల పేజీల్లో అక్షరాలు గుండ్రంగా, గీత మీద కుదురుగా కూర్చుని ఉంటాయి. జూలై వచ్చేసరికి తలకట్లు విడిపోతాయి, ఒత్తులు కింది గీత దాటుతాయి, ఒక్కో పదం చివర కలం పక్కకు ఈడ్చుకుపోయిన జాడ కనిపిస్తుంది. ఆగస్టు మొదటి వారం పేజీ కింద ఎర్రసిరాతో "శ్రద్ధ లేదు, మళ్లీ పదిసార్లు రాయి" అని ఉంది. అది రాసింది నేనే. ఇరవై ఏళ్లుగా కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెబుతున్న నాకు, పిల్లల రాత చూస్తే వాళ్ల మనసు తెలిసిపోతుందన్న నమ్మకం ఉండేది. ఆ రాతలో ఉన్నది అశ్రద్ధ కాదనీ, మెదడు లోపలి భాగమొకటి వాచి చేతిని తన అదుపులో ఉంచుకోలేకపోతోందనీ తెలియడానికి నాకు మరో ఏడు వారాలు పట్టింది.

ఆ ఏడు వారాల్లో ఇంట్లో జరిగినవాటిని విడివిడిగా చూస్తే ఏదీ జబ్బులా లేదు. చేతిలోని గ్లాసు జారిపడేది. సంగటి ముద్ద నోటి దాకా వచ్చి చెంపకు తగిలేది. కూర్చున్నచోట భుజం ఎగరేసేది, కనుబొమలు ముడిచేది, ఎదురుగా ఉన్నవాళ్లను వెక్కిరిస్తున్నట్టు మూతి తిప్పేది. దానికి బడిలో ఒకసారి దెబ్బ కూడా తిన్నది. కారణం లేకుండా ఏడ్చేది, చీకటి పడితే ఒంటరిగా గది దాటేది కాదు. పొరుగువాళ్లు గాలి సోకిందన్నారు, మంత్రించిన తాయెత్తు తెచ్చి కట్టారు. మా అమ్మ కూడా గాలే అనుకుంది గానీ, ఎవరూ గమనించనిది ఒకటి ఆమె గమనించింది. "నిద్దట్లో ఏమీ ఉండదబ్బీ, రాయి మాదిరి పండుకుంటాది. కండ్లు తెరిస్తేనే మొదలు" అంది. ఈ జబ్బును పట్టించే గుర్తుల్లో అది ముఖ్యమైనదని తరువాత తెలిసింది. మెలకువలో ఒక్క క్షణం నిలవని చేతులు నిద్రలో పూర్తిగా నిమ్మళిస్తాయి.

మొదట చూపించిన వైద్యుడు కాల్షియం తక్కువన్నాడు. రెండో చోట మొండితనం అన్నారు. మూడో చోట రక్తపరీక్ష చేయించి, గొంతులో సూక్ష్మజీవి సోకిన జాడ చెప్పే ఏఎస్ఓ అంకె మామూలుగానే ఉంది కాబట్టి భయపడాల్సిందేమీ లేదన్నారు. చివరికి కర్నూలు సర్వజన వైద్యశాలలో పిల్లల విభాగపు యువ వైద్యురాలొకరు ఏ పరీక్షా రాయకముందే తన రెండు వేళ్లు చాపి "గట్టిగా పట్టుకో పాపా, వదలొద్దు" అన్నారు. అమ్మాయి పట్టుకుంది. కానీ ఆ పట్టు బిగుస్తూ సడలుతూ, ఆవు పొదుగు పితుకుతున్నట్టుగా ఉంది. దాన్ని వైద్యులు పాలు పితికే పట్టు అనే అంటారట. నాలుక బయట పెట్టి అలాగే ఉంచమన్నారు. నాలుక నిలవలేదు, లోపలికీ బయటికీ పోతూనే ఉంది. ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్నకు మేమిద్దరం మొహాలు చూసుకున్నాం: "ఇది మొదలవడానికి ముందు ఆరు నెలల్లో పాపకు గొంతునొప్పి వచ్చిందా?" సంక్రాంతి సెలవుల తరువాత వచ్చింది. రెండు రోజులు జ్వరం బిళ్ల వేశాం, తగ్గింది, మరిచిపోయాం.

ఆ జబ్బు పేరు సిడెన్‌హామ్ కొరియా. 1686లో దీన్ని వర్ణించిన ఆంగ్లేయ వైద్యుడి పేరే దానికి నిలిచింది. మెదడువాపు అనగానే మన జిల్లాల్లో అందరికీ దోమలూ పందులూ గుర్తుకు వస్తాయి. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో అనంతపురం జిల్లాలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ప్రబలిన రోజుల్ని మరిచిపోయినవాళ్లు తక్కువ. అక్కడ వైరస్ నేరుగా మెదడులోకి చొరబడుతుంది. నేను చెబుతున్నది మరో రకం వాపు. ఇందులో సూక్ష్మజీవి మెదడు దాకా రానే రాదు. అది గొంతులోనే ఉండి, కొన్నాళ్లకు పోతుంది కూడా. దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న ప్రతిరోధకాలు మాత్రం మిగిలిపోయి, స్ట్రెప్టోకాకస్ అనే ఆ సూక్ష్మజీవి పైపొరకూ, మెదడులో కదలికలను అదుపుచేసే బేసల్ గాంగ్లియా కణాలకూ మధ్య ఉన్న పోలిక వల్ల తమవాళ్లనే శత్రువులనుకుని దాడిచేస్తాయి. పాత తరంవాళ్లకు ఈ పొరపాటు ఇంకో రూపంలో తెలుసు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసే రోజుల్లో, గొర్రె మెదడు కణజాలంతో తయారుచేసిన ఆ పాత టీకా వల్ల కొందరికి కాళ్లూ చేతులూ పడిపోయేవి. గొర్రె నరాల పదార్థం మీద మొదలైన ఎదురుదాడి మనిషి నరాల మీదికి మళ్లడమే దానికి కారణం. మన దేశం ఆ టీకాను మానేసి రెండు దశాబ్దాలైంది. ఇప్పుడు చేతికి వేసే కుక్కకాటు టీకాలో నరాల కణజాలం ఉండదు.

అంటువ్యాధి తగ్గాక పిల్లల మెదడుకు వచ్చే వాపులు ఇంకా ఉన్నాయి. వైద్యులు అడెమ్ అని పిలిచేదాంట్లో జ్వరం తగ్గిన ఒకటి నుంచి నాలుగు వారాల్లో పిల్లవాడు మగతగా మారి, నడక తప్పి, చూపు మసకబారి ఆసుపత్రికి వస్తాడు. బరువులో కిలోకు 30 మిల్లీగ్రాముల వరకు, రోజుకు ఒక గ్రాము మించకుండా, మూడు నుంచి ఐదు రోజులు మిథైల్ ప్రెడ్నిసొలోన్ నరంలోకి ఎక్కిస్తారు. ఆ తరువాత స్టెరాయిడ్ బిళ్లలను కొన్ని వారాల పాటు తగ్గించుకుంటూ వస్తారు. దానికి లొంగకపోతే దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరోధకాల మందు ఇమ్యునోగ్లోబులిన్, అదీ చాలకపోతే రక్తంలోని ద్రవభాగాన్ని మార్చే ప్లాస్మా మార్పిడి ఉంటాయి. ఎక్కువమంది పిల్లల్లో అది ఒక్కసారి వచ్చి పోయే గాలివాన వంటిది. కొరియా అటువంటిది కాదు. మళ్లీ గొంతునొప్పి వచ్చిన ప్రతిసారీ ప్రతిరోధకాలు మళ్లీ లేచే అవకాశం ఉంటుంది. ఈ తేడాను ఇళ్లలోనూ చిన్న ఊళ్ల వైద్యశాలల్లోనూ పట్టించుకోకపోవడమే నేను ఈ వ్యాసం రాయడానికి కారణం.

కొరియాకు చికిత్స రెండు పాయలుగా సాగుతుంది. మొదటి పాయ కంటికి కనిపిస్తుంది. చేతులు నిలవడానికి వాల్‌ప్రొయేట్ గానీ హాలోపెరిడాల్ గానీ ఇస్తారు. కదలికలు మరీ తీవ్రంగా ఉంటే స్టెరాయిడ్ ఇస్తారు. 37 మంది పిల్లలతో బ్రెజిల్‌లో చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో, సగటున నాలుగు నెలలు పట్టే కోలుకోవడం ప్రెడ్నిసోన్ తీసుకున్నవాళ్లకు రెండు నెలల లోపే జరిగింది. మా అమ్మాయికి వాల్‌ప్రొయేట్ ఇచ్చారు. మూడో వారానికి గ్లాసు నిలిచింది, దీపావళి నాటికి రాత కుదిరింది. ఇరుగుపొరుగు వచ్చి చూసి సంతోషించారు. తాయెత్తు కట్టినవాళ్లు తమ తాయెత్తే పనిచేసిందన్నారు. నేను వాళ్లతో వాదించలేదు, నాకూ సంతోషంగానే ఉంది. అయితే మందు లేకపోయినా చాలామంది పిల్లల్లో ఈ కదలికలు కొన్ని నెలలకు వాటంతట అవే అణగిపోతాయి. మొదటి పాయ పిల్లల బాధను తగ్గిస్తుంది, బడికి త్వరగా పంపిస్తుంది. అది అవసరమే గానీ, జబ్బు తిరగబెట్టకుండా ఆపే శక్తి దానికి లేదు.

రెండో పాయ పెన్సిలిన్. ముందు గొంతులో మిగిలిన సూక్ష్మజీవిని తుడిచేయడానికి, ఆ తరువాత అది మళ్లీ చేరకుండా కాపలా కాయడానికి 21 రోజులకొకసారి బెంజథీన్ పెన్సిలిన్ పిరుదు కండలోకి ఇస్తారు. సుమారు 27 కిలోలు దాటిన పిల్లలకు 12 లక్షల యూనిట్లు, అంతకన్నా తక్కువున్నవాళ్లకు 6 లక్షలు. ఈ జబ్బు గుండెనూ తాకగలదు. గుండెకు ఏమీ కాకపోయినా కనీసం ఐదేళ్లు, లేదా యుక్తవయసు దాటేదాకా, ఏది ఎక్కువైతే అది. గుండెకు వాపు వచ్చి ఉంటే పదేళ్లు, ఆపైన కూడా. గుండె కవాటం శాశ్వతంగా దెబ్బతిన్నవాళ్లకు నలభై ఏళ్ల వయసు వరకు, ఒక్కోసారి జీవితాంతం. ఏడాదికి పదిహేడు పద్దెనిమిది సూదులు. మందు చిక్కగా ఉంటుంది, ఎక్కేటప్పుడు నొప్పి పుడుతుంది, ఆ రోజంతా పిల్ల కుంటుతుంది. జబ్బు ఏమీ కనిపించని పిల్లకు, నవ్వుతూ తిరుగుతున్న పిల్లకు, ఏళ్ల తరబడి ఈ నొప్పి ఎందుకు పెట్టాలన్న ప్రశ్న ప్రతి తల్లికీ వస్తుంది. నా భార్యకూ వచ్చింది.

జవాబు గుండెలో ఉంది. కొరియా వేరే జబ్బు కాదు, గొంతులో స్ట్రెప్టోకాకస్ సోకాక వచ్చే రుమాటిక్ జ్వరపు ముఖాల్లో ఒకటి. ఆ జ్వరం కీళ్లను నాకుతుంది, గుండెను కరుస్తుంది అని వైద్య విద్యార్థులకు చెప్పే పాత మాట ఒకటుంది. మా అమ్మాయికి కీళ్లనొప్పులు రాలేదు, ఆయాసం లేదు, స్టెతస్కోపుకు ఏ చప్పుడూ అందలేదు. ధ్వని తరంగాలతో గుండెను చూసే ఎకో పరీక్షలో మాత్రం గుండె ఎడమ వైపున ఉండే మైట్రల్ కవాటం కొద్దిగా కారుతున్నట్టు కనిపించింది. అందుకే కొరియా ఉన్న ప్రతి పిల్లకూ, చెవికి ఏమీ వినిపించకపోయినా, ఎకో తీయించి తీరాలి. రుమాటిక్ జ్వరాన్ని నిర్ధారించడానికి వైద్యులు వాడే, 2015లో సవరించిన జోన్స్ ప్రమాణాలు ఎకోలో మాత్రమే కనిపించే గుండెవాపును కూడా లెక్కలోకి తీసుకున్నాయి. ఏఎస్ఓ మామూలుగా ఉందని మమ్మల్ని పంపించివేయడంలోని తప్పు కూడా నాకు అప్పుడే అర్థమైంది. గొంతునొప్పికీ కొరియాకూ మధ్య ఒకటి నుంచి ఆరు నెలల ఎడం ఉంటుంది, ఆలోగా ఆ అంకె పెరిగి మళ్లీ దిగిపోవచ్చు. దిగిపోయిన అంకెను చూసి జబ్బు లేదనడం, వాన వెలిసి నేల ఆరాక వచ్చి వాన పడలేదనడం లాంటిది.

సూదుల ఉపయోగానికి రుజువు కావాలన్నవాళ్లకు ఉగాండాలో జరిగిన ఒక పరీక్ష చూపిస్తాను. ఎకోలో మాత్రమే రుమాటిక్ గుండెజబ్బు కనిపించిన, 5 నుంచి 17 ఏళ్ల వయసున్న 818 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇచ్చారు. రెండేళ్లకు సూది లేని జట్టులో 8.2 శాతం మందికి జబ్బు ముదిరితే, సూది పడిన జట్టులో 0.8 శాతం మందికే ముదిరింది. సూక్ష్మజీవులన్నీ మందులకు మొండికేస్తున్న ఈ కాలంలో, గొంతులోని ఈ స్ట్రెప్టోకాకస్ మాత్రం పెన్సిలిన్‌కు ఇప్పటికీ లొంగుతూనే ఉంది. ఇంత కచ్చితమైన మందు, ఒక సీసా కొన్ని పదుల రూపాయలకు దొరికే మందు చేతిలో ఉండగా, పిల్లలు కవాటాలు పోగొట్టుకోవడం నాకు భరించరానిదిగా ఉంది.

మా బడిలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి గురించి చెప్పాలి. మా ఇంట్లో అనుభవం అయ్యాక నేను పిల్లల చేతుల్ని గమనించడం మొదలుపెట్టాను. సుద్దముక్క పట్టుకున్న ఆ పిల్ల చెయ్యి నల్లబల్ల మీద నిలవకపోవడం చూసి, తిట్టకుండా ఆసుపత్రికి పంపగలిగాను. కొరియా తేలింది, గుండెకు కూడా తగిలింది. మందులు ఇచ్చారు, సూదుల కార్డు ఇచ్చారు. నాలుగు సూదులు వరసగా పడ్డాయి. తరువాత సంక్రాంతి వచ్చింది. కోసిగి, కౌతాళం, ఆదోని వైపు ఊళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఆపై చెప్పనక్కరలేదు. కంది, పత్తి పనులు అయిపోయాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకోతలకు, మూడు వందల కిలోమీటర్లకు పైగా, సామానూ పిల్లలతో సహా లారీలెక్కి పోతారు. తిరిగి వచ్చేది ఉగాదికో ఆ తరువాతో. అమ్మాయి కూడా పోయింది. మూడు సూదులు తప్పాయి. వేసవి సెలవులు ముగిసి బడి తెరిచేసరికి చేతులు మళ్లీ మొదలయ్యాయి, ఈసారి ఎకోలో కారడం ఎక్కువైంది. తల్లిని పిలిచి అడిగితే ఆమె నన్నే అడిగింది: "పాపకు నిమ్మళమాయ గద సార్, ఇంగ సూది ఎందుకులే అనుకుంటిమి. మాకు ఎవురు చెప్పిరి?"

ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. కార్డు మీద తేదీలు ఉన్నాయి గానీ, ఎందుకో రాసి లేదు. చేతులు నిలవడానికి ఇచ్చే మందునూ గుండెను కాచే సూదినీ ఒకే చీటీ మీద, ఒకే తీరున రాసి ఇచ్చారు. నిమ్మళించగానే రెండూ ఆగిపోవడం సహజం. తల్లిదండ్రుల నిర్లక్ష్యం అని ఆసుపత్రుల్లో చాలా తేలికగా అనేస్తారు. ఆ రోజు కూలి వదులుకుని, వంద కిలోమీటర్లు బస్సులో వచ్చి, వరసలో నిలబడి, "మందు అయిపోయింది, రేపు రండి" అనిపించుకుని వెనక్కి పోయిన తల్లిని నేను చూశాను. ఆమెను నిర్లక్ష్యం చేసిందనడానికి నాకు నోరు రాదు.

ఊరికి దగ్గరలో వేయించుకుందామంటే అక్కడ భయం అడ్డం పడుతుంది. పెన్సిలిన్ అంటే ప్రాణం పోతుందన్న మాట మన వైపు బలంగా పాతుకుపోయింది. ఒక వైద్యశాలలో మేము తీసుకుపోయిన సీసాను చేత్తో కూడా తాకలేదు. భయానికి ఆధారం లేకపోలేదు. అయితే దాని కొలత తెలుసుకోవాలి. 1991లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ పరిశీలనలో 1,790 మంది రోగులకు 32,430 సూదులు ఇస్తే, తీవ్రమైన ఎలర్జీ నలుగురికి వచ్చింది, ఒకరు చనిపోయారు. అంటే పదివేల సూదులకు ఒకటి రెండు. దానికి సిద్ధంగా అడ్రినలిన్ దగ్గర ఉంచుకోవాలి, సూది తరువాత పిల్లను అరగంట కూర్చోబెట్టాలి, ముందు ఎలర్జీ ఉందేమో అడగాలి. కవాటం చాలా చెడిపోయి గుండె నీరసించిన పిల్లలకు సూది కన్నా బిళ్లలు మేలా అన్నది గుండె వైద్యుడు తేల్చాలి. ఈ జాగ్రత్తలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుదరనివి కావు. పదివేలలో ఒకటి రెండు అపాయాలకు భయపడి, కళ్లెదుట ఉన్న పిల్ల గుండెను వదిలేయడాన్ని జాగ్రత్త అనడానికి నేను ఒప్పుకోను.

మందు దొరకకపోవడం ఇంకో కథ. ఒకప్పుడు మన దేశం పెన్సిలిన్‌ను సొంతంగా తయారుచేసుకునేది. 1954లో పింప్రీలో హిందుస్థాన్ యాంటీబయోటిక్స్ వచ్చింది దానికోసమే. తరువాత చైనా నుంచి చౌకగా ముడిసరుకు రావడంతో ఇక్కడి తయారీ మూతబడింది. కాకినాడ దగ్గర పెన్సిలిన్-జి ముడిమందు కర్మాగారం 2024లో మొదలైందని చదివినప్పుడు నేను నిజంగా ఆనందించాను. మన రాష్ట్రంలో పుట్టే మందు మా కోసిగి దాకా వచ్చే రోజు ఉండాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నా వాదన సగమే అవుతుంది. కొంతకాలంగా చదువుకున్న తల్లిదండ్రులు పాండాస్ అనే పేరు చెబుతున్నారు. 1998లో అమెరికాలో సూసన్ స్వీడో బృందం 50 మంది పిల్లల్ని వర్ణిస్తూ, స్ట్రెప్టోకాకస్ సోకాక హఠాత్తుగా మొదలయ్యే చాదస్తాలకూ కండరాల ఎగురుళ్లకూ ఆ పేరు పెట్టింది. కొరియాను చూసే ఆ ఊహ పుట్టింది. ఆ పిల్లల బాధ నిజమైనది, దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే 1999లో ఇమ్యునోగ్లోబులిన్, ప్లాస్మా మార్పిడి మేలుచేశాయని ఒక పరీక్ష చెప్పగా, 2016లో వచ్చిన మరో పరీక్షలో ఇమ్యునోగ్లోబులిన్‌కూ ఉత్తి నకిలీ మందుకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ప్రతి కనురెప్పపాటునూ పాండాస్ అనుకుని, పొలం తాకట్టు పెట్టి లక్షల మందు ఎక్కించడానికి పట్నాలకు పరిగెత్తవద్దని నేను మిత్రులకు చెబుతున్నాను. రుజువు సందేహంగా ఉన్న ఖరీదైన చికిత్స గురించి ఇంత చర్చ జరుగుతుండగా, రుజువు గట్టిగా ఉన్న చౌక చికిత్స మన పల్లెల్లో పిల్లలకు అందకపోవడం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

కవాటం మార్చే ఆపరేషన్ అవసరమైతే ప్రభుత్వ ఆరోగ్య పథకం డబ్బు చెల్లిస్తుంది. అది గొప్ప విషయమే, దానివల్ల బతికినవాళ్లు మా మండలంలోనే ఉన్నారు. కానీ లోహపు కవాటం పెట్టుకున్న ఆడపిల్ల జీవితాంతం రక్తం పలుచబరిచే మందు మింగాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి, ఆమెకు గర్భం పెద్ద గండం అవుతుంది. ఆ దాకా రానీయకుండా ఆపే సూదిని లెక్కపెట్టే మనిషి మాత్రం ఏ కార్యాలయంలోనూ లేడు. నేను కోరేది పెద్దదేమీ కాదు. టీకాల కార్డును ఏ ఊరి ఏఎన్‌ఎం అయినా చూసి టీకా వేసినట్టే, ఈ సూదుల కార్డును రాష్ట్రంలో ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైనా చూసి సూది వేయాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు వచ్చే బృందాలు చూడవలసిన జబ్బుల్లో రుమాటిక్ గుండెజబ్బు ఇప్పటికే ఉంది. పిల్లల చేత నాలుక చాపించి, వేళ్లు పట్టించి చూడడానికి ఒక్క నిమిషం చాలు. సుగ్గికి పోయే కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లలో కార్డు ఉన్న పిల్లలకు మొదటి చోటు ఇవ్వాలి. ఉపాధ్యాయుల శిక్షణలో, ఉన్నట్టుండి రాత చెడిన పిల్లను దండించకముందు గొంతునొప్పి గురించి అడగమని చెప్పాలి.

మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్లు. మొన్న గురువారం ముప్పై ఆరో సూది పడింది. కవాటం కారడం పోయినసారి ఎకోలో తగ్గింది. వంటింటి క్యాలెండరులో తేదీల చుట్టూ సున్నాలు తనే చుడుతుంది, ఆ సున్నాలు గుండ్రంగా ఉంటాయి.

ఏడో తరగతి అమ్మాయి ఇప్పుడు ఎనిమిదికి వచ్చింది. ఈ సంక్రాంతి దాటాక వాళ్లు మళ్లీ బయలుదేరుతున్నారు. హాస్టల్లో ఉంచమని అడిగాను. చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారని తల్లి ఒప్పుకోలేదు. కార్డుకు నకళ్లు తీయించి, వెనక సూది ఎందుకో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, ఒకటి తల్లికీ ఒకటి వాళ్లను తీసుకుపోయే మేస్త్రీకీ ఇచ్చాను. తరువాతి సూది ఫిబ్రవరి 3న పడాలి. అప్పటికి వాళ్లు ఏ ఊరి తోటలో ఉంటారో మేస్త్రీ ఫోన్ చేసి చెబుతానన్నాడు.